కథల పార్కుకు కొత్త ఊపిరి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కాలనీ పార్కులో పాతికేళ్ల నాటి పంచతంత్రం బొమ్మలున్నాయి. అన్నీ సిమెంటువే. ఏటా రంగులు వేయిస్తున్నాం, రెండు వానలు పడితే చాలు పెచ్చులు లేస్తున్నాయి. మొసలి తోకలో ఇనుప చువ్వ బయటపడింది. పీకేసి ఫైబర్ (గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్) బొమ్మలు పెట్టించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పీకించకండి. ముందు చిన్న సుత్తితో బొమ్మంతా తట్టించండి. డొల్లగా మోగిన చోటల్లా లోపలి పొర విడిపోయినట్టే, అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. కాళ్లు, నడుము గట్టిగా మోగితే మరమ్మతుతో సరిపోతుంది.

అసలు జబ్బు రంగులో లేదు. చువ్వ మీద సిమెంటు పలచగా ఉంటే తేమ లోపలికి దిగి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, లోపల్నుంచి సిమెంటును తోసేస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఊడకుండా ఉండదు.

డొల్ల భాగాన్ని చువ్వ వెనక వేలు దూరేంత వరకు చెక్కించండి. వైరు బ్రష్‌తో తుప్పు రాల్చి జింక్ ప్రైమర్ పూయించండి. బాగా సన్నబడిన చువ్వకు పక్కనే కొత్తది కట్టించాలి. దాని మీద చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కట్టించండి, అది పాత గట్టి భాగం మీదికి నాలుగంగుళాలైనా రావాలి. సిమెంటులో ఎస్‌బీఆర్ లేటెక్స్ (అతుకు పట్టించే రబ్బరు ద్రవం) కలిపి పలచటి సిమెంటు పాలు చేసి పూసి, అవి ఆరకముందే 1:3 సిమెంటు, ఇసుక మాలు ఎక్కించాలి. పాలు ఆరిపోతే మాలు పట్టదు, మేస్త్రీలు తొందరలో తప్పేది ఇక్కడే. ఒక్కో పొర అర అంగుళం మించకూడదు. చువ్వ మీద సిమెంటు మందం మొత్తం 20 మి.మీ.కు తగ్గకూడదు. తర్వాత వారం పాటు తడి గోనె సంచులు కప్పి ఉంచండి.

రంగుకు 28 రోజులు ఆగండి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. ఎనామెల్ వద్దు, అది లోపలి తేమను బయటికి పోనివ్వదు. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు చాలు. బయటి బొమ్మలకు పుట్టీ పనికిరాదు.

ఒక్క హెచ్చరిక. పాతికేళ్ల నాటి రంగులో సీసం ఉండొచ్చు. మన దేశంలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి పెట్టింది 2016 నిబంధనలే. కాబట్టి పొడిగా రుద్దించకండి, తడిపి గీకించండి. రాలిన పొట్టును మూటగట్టించి తీయించండి, పని పూర్తయ్యేదాకా పిల్లల్ని రానివ్వకండి.

ఇక ఫైబర్ బొమ్మలంటారా, అవీ చిరంజీవులు కావు. ఎండకు పై పూత సుద్దలా రాలిపోతే గాజు పోగులు బయటపడి పిల్లల ఒంటికి దురద పెడతాయి.

ప్రశ్న: అమెరికాలో ఓక్లండ్ ఫెయిరీల్యాండ్ చూసొచ్చాం. అలాంటి కథల పార్కు మా బడి స్థలంలో చిన్నగా కట్టాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: అది కూడా చిన్నగానే మొదలైంది. ఆర్థర్ నావ్‌లెట్ అనే నర్సరీ యజమాని ఆలోచనకు స్థానిక క్లబ్బు విరాళాలు పోగుచేస్తే, మెరిట్ సరస్సు ఒడ్డున 1950 సెప్టెంబరులో తెరిచారు. తోలుబొమ్మల్లాంటి పపెట్ నాటకశాల 1956లో వచ్చింది. పెట్టెలో తిప్పితే కథ వినిపించే తాళంచెవి 1958లో వచ్చింది. డిస్నీల్యాండ్ కట్టకముందు వాల్ట్ డిస్నీ వచ్చి చూసిన పార్కు ఇది.

మీరూ ఒక కథతో మొదలుపెట్టండి. అయితే నీటి పారుదల, కరెంటు గొట్టాలు మాత్రం రాబోయే కథలకు కూడా ముందే వేయించండి, లేకపోతే ప్రతి విస్తరణకూ నేల తవ్వాల్సి వస్తుంది. సింహం, కుందేలు కథ ఎంచుకుంటే బావిలో నీళ్లు పెట్టొద్దు. లోపల ఒక అడుగు లోతే ఉంచి, అడుగున మెరిసే స్టీలు పలక అమర్చి, పక్కన వాననీరు పోయే రంధ్రం పెట్టించండి. తొంగిచూసిన పిల్లకు తన ముఖమే కనిపిస్తుంది, కథ దానంతట అదే అర్థమవుతుంది. పలక అంచులు సిమెంటులో పూడ్చాలి, నీడ పడే చోటే బావి కట్టాలి.

ప్రశ్న: జారుడుబల్ల కింద రబ్బరు టైల్సా, ఇసుకా?
– ఒక కార్యదర్శి, నిజామాబాద్

జవాబు: మన ఎండకు ఇసుకే మేలు. జారుడుబల్ల రెండు మీటర్ల ఎత్తు దాకా ఉంటే ఇసుక 30 సెం.మీ. మందం కావాలి. కడిగిన నది ఇసుకే పోయించండి, రోబో ఇసుక (రాయి పిండి చేసిన ఇసుక)లోని పొడి తడిసి గట్టిపడిపోతుంది. చుట్టూ దాదాపు రెండు మీటర్లు ఖాళీ ఉంచండి. కమ్మీల సందులు 89 మి.మీ. కంటే తక్కువైనా ఉండాలి, 230 కంటే ఎక్కువైనా ఉండాలి. మధ్యలో ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. వారానికోసారి ఇసుక తిరగేయించండి, కుక్కలు, పిల్లులు చేరకుండా రాత్రిపూట వల కప్పించండి.