గీజర్ లైటు ఆరుతోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. స్నానాల గదిలో 15 లీటర్ల, 2,000 వాట్ల స్టోరేజీ గీజర్ ఉంది, కొని ఐదేళ్లయింది. వేడి నీళ్ల లైను షవర్ దగ్గరి సింగిల్ లివర్ మిక్సర్‌కూ, వాష్‌బేసిన్ మిక్సర్‌కూ వెళుతుంది. మా ట్యాంకులో నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసే ఉంటాయి. కొంతకాలంగా స్విచ్ వేస్తే లైటు వెలిగి, ఎప్పటిలాగే ఇరవై నిమిషాలు దాటాక ఆరిపోతోంది గానీ, నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. ఎలిమెంట్ కాలిపోయిందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. మార్పించమంటారా? బాగయ్యేదాకా బకెట్లో హీటర్ రాడ్ వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే మార్పించకండి. ఎలిమెంట్ కాలిపోతే నీళ్లు వేడెక్కవు; నీళ్లు వేడెక్కనిదే థర్మోస్టాట్ కరెంటు ఆపదు కాబట్టి, చాలా మోడళ్లలో ఆ లైటు గంట గడిచినా వెలుగుతూనే ఉంటుంది. మీ లైటు వేళకు ఆరుతోంది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి, 2,000 వాట్ల ఎలిమెంట్ దాన్ని 21 నిమిషాల్లో ఇస్తుంది. మీరు రాసిన సమయం దీనికి సరిగ్గా సరిపోతోంది. అంటే గీజర్ తన పని తాను చేస్తోంది, వేడి నీళ్లు మీ దాకా వచ్చేలోపు ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నాయి. ఇది ఎలక్ట్రీషియన్ కన్నా ముందు ప్లంబర్ చూడవలసిన విషయం.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. గీజర్ స్విచ్ ఆపి, గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్‌ను పూర్తిగా కట్టేసి, షవర్ మిక్సర్ లివర్‌ను వేడి వైపు చివరిదాకా తిప్పి తెరవండి. పైపులో మిగిలిన నీళ్లు కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధార కడుతున్నాయంటే, గీజర్‌లోకి నీళ్లే పోనప్పుడు అవి ఎక్కడివి? ఏదో ఒక మిక్సర్ లోపలి నుంచి చన్నీళ్లు వేడి లైనులోకి దూరుతున్నాయన్నమాట. అప్పుడు వాష్‌బేసిన్ కింద ఉండే చన్నీళ్ల కాక్ కూడా కట్టేయండి. ధార ఆగితే దోషం వాష్‌బేసిన్ మిక్సర్‌ది, ఆగకపోతే షవర్ మిక్సర్‌ది. లివర్ కింద ఉండే కార్ట్రిడ్జ్‌లోని రబ్బరు వాషర్లు బోరు నీళ్ల ఉప్పుకు గట్టిపడి, పగిలి, రెండు నీళ్లను విడదీయలేకపోవడమే తరచుగా కనిపించే కారణం. కార్ట్రిడ్జ్ మారిస్తే సరిపోతుంది, మిక్సర్ మొత్తం మార్చనక్కర్లేదు. పాతదాన్ని చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి, ఒక కంపెనీది మరొక కంపెనీ మిక్సర్‌లో కూర్చోదు. మీ ఇంట్లో హ్యాండ్ షవర్ ఉండి, మిక్సర్‌ను తెరిచే ఉంచి పిడి దగ్గర మీటతో మాత్రమే నీళ్లు ఆపే అలవాటు ఉంటే, ఏ భాగమూ చెడకుండానే ఇదే ఇబ్బంది వస్తుంది.

మొదట గీజర్ కాక్ ఒక్కటి కట్టేసినప్పుడే ధార ఆగిపోయిందనుకోండి, అప్పుడు గీజర్‌ను విప్పించక తప్పదు. నిలువు గీజర్లలో వేడి నీళ్లను పైభాగం నుంచి తీసుకొచ్చే పొడవాటి పైపు ఒకటి ట్యాంకు లోపల ఉంటుంది. అది తుప్పు పట్టి మధ్యలో విరిగితే, పైన వేడి నీళ్లు అలాగే ఉండగా అడుగున కొత్తగా చేరిన చన్నీళ్లే బయటికి వస్తాయి. ఎలాగూ విప్పుతారు కాబట్టి ఎలిమెంట్ మీద సున్నంలా పేరుకున్న తెల్లటి పెచ్చును తీయించి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం యానోడ్ రాడ్‌ను మార్పించి, కొత్త గ్యాస్కెట్ వేయించండి. బిగించాక వేడి నల్లాలో నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ వేయనివ్వకండి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిజంగానే కాలిపోతుంది.

ఇక హీటర్ రాడ్ సంగతి. ప్లాస్టిక్ బకెట్లోనే వాడండి, ఇనుప, స్టీలు బకెట్లు వద్దు. 1,500 వాట్ల రాడ్ ఆరు ఆంపియర్లకు మించి కరెంటు తీసుకుంటుంది కనుక, ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. రాడ్ మీద ఉన్న గీత వరకు నీళ్లు ఉండాలి. నీళ్లు కాగాయో లేదో వేలు ముంచి చూడటం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీశాక మాత్రమే నీటిని తాకాలని ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పండి.