పుస్తకం పేరు అడిగారు, చెప్పను

"వందనాలు మేడమ్. మా వారు సంఘ పెద్ద. పెళ్లయిన దగ్గర్నుంచి మేం ఆదివారం ఆరాధన తప్పింది లేదు. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఏడాదిగా ఫోన్‌లో నాస్తికుల డిబేట్లు చూస్తున్నాడు. ఆరు రోజుల్లో సృష్టి ఏమిటి, సూర్యుడు నాలుగో రోజు పుడితే అంతకుముందు మూడు రోజులు ఎలా లెక్కపెట్టారు అని వాళ్ల నాన్నని నిలదీస్తున్నాడు. ఆయన ఫ్యామిలీ గ్రూపులో ప్రసంగాల వీడియోలు పెడతారు, వీడు పోటీగా వేరేవి పెడతాడు. రెండు నెలల క్రితం ఆయన, 'కుటుంబ ప్రార్థనకి కూర్చోనివాడు నా బల్ల దగ్గర భోజనానికీ కూర్చోనక్కర్లేదు' అన్నారు. అప్పటినుంచి వాడి కంచం నేనే గదిలోకి తీసుకెళ్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సృష్టిని సైన్సుతో రుజువు చేసే పుస్తకం ఏదైనా చెప్పండి. లేదా మీరే వాడికి నాలుగు మాటలు రాయండి. ఇంకో సంగతి, దీనికి సంబంధం లేదనుకోండి. మా అమ్మ పోయినప్పుడు ఏడాదిపాటు నాకు ప్రార్థన రాలేదు. కళ్లు మూసుకుని కూర్చునేదాన్ని, అంతే. ఎవరికీ తెలియదు."

అమ్మా, పుస్తకం పేరు చెప్పను. మీ అబ్బాయికి ఉత్తరమూ రాయను. నాకు రాసింది అతను కాదు, మీరు.

ఆరు రోజుల సంగతి ముందే తేల్చేద్దాం, మీ ఇంట్లో గొడవ దాని గురించి కాదు కనుక. సూర్యుడు లేకుండా మూడు రోజులేమిటని మూడో శతాబ్దంలోనే ఓరిగెన్ అడిగాడు. ఆయన నాస్తికుడు కాదు, బైబిలుకు వ్యాఖ్యానాలు రాస్తూ జీవితం గడిపినవాడు. అవి మనం లెక్కపెట్టుకునే రోజుల్లాంటివి కావని తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీను (354–430) అన్నాడు. నక్షత్రాల గురించీ భూమి గురించీ తెలియని మాటలు లేఖనం పేరుతో చెప్పి అవిశ్వాసుల ముందు నవ్వులపాలు కావద్దని తోటి విశ్వాసుల్ని మందలించాడు కూడా. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో, కాబట్టి వీళ్లిద్దరూ సైన్సుకి జడిసి ఆ మాటలు అనలేదు. విశ్వమంతా ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమేత్ర్ క్యాథలిక్ ఫాదర్. అవి అక్షరాలా ఆరు రోజులేనని నమ్మే క్రైస్తవులూ ఉన్నారు, నమ్మనివ్వండి. ఈ ప్రశ్న అడిగినందుకు మాత్రం ఎవరి కంచమూ గదిలోకి వెళ్లక్కర్లేదు.

ఇప్పుడు "సంబంధం లేదనుకోండి" అంటూ రాసిన ఆ చివరి మాటల దగ్గరికి వద్దాం. నేను మీ ఉత్తరాన్ని అక్కడినుంచే చదివాను.

ఏడాదిపాటు మీకు ప్రార్థన రాలేదు. పక్కనే మోకాళ్లూని ఉన్న మనిషికి అది తెలియలేదు. తెలియనివ్వలేదు మీరు. తన ఇంట్లో ఎవరికీ ఏ సందేహమూ లేదని ఆయన ఇన్నేళ్లూ అనుకుంటున్నారంటే, మీరు కళ్లు మూసుకుని కూర్చోబట్టే. అందుకే కొడుకు నోరు తెరిచి అడిగేసరికి, ఈ ఇంట్లో ఎన్నడూ లేనిది ఎక్కడినుంచో వచ్చి పడిందనుకున్నారు. ఫోన్‌లోంచి వచ్చిందనుకున్నారు. అది మీ ఇంట్లో ముందే ఉంది, మీ దగ్గర.

బల్ల దగ్గర కూర్చోవద్దని ఆయన అన్నప్పుడు మీరేమన్నారో రాయలేదు. ఏమీ అని ఉండరు. కంచం పట్టుకుని గదికి వెళ్లారు. అబ్బాయి దృష్టిలో అది అమ్మ ప్రేమ, ఆయన దృష్టిలో భార్య విధేయత. మీరేమనుకుంటున్నారో ఇద్దరికీ తెలియదు. పుస్తకం అడగడమూ ఇలాంటిదే. మీ బదులు పుస్తకం మాట్లాడాలని మీ ఆశ. క్షమించండి, మీరు భయపడుతున్నది దేవుడికి కాదు, మీ వారికి.

ఆయన్ని చెడ్డవాడు అనడం లేదు. ఆయనకీ ఒక భయం ఉంది. పెద్దల పిల్లలు విశ్వాసులై ఉండాలని పౌలు తీతుకు రాసిన మాట ఆయనకి కంఠతా వచ్చే ఉంటుంది. కొడుకే చర్చికి రాకపోతే సంఘంలో తన మాట ఎవరు వింటారన్నది ఆయన బాధ. కానీ "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని ఎఫెసీయులకు రాసిందీ ఆ పౌలే. మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తే ఆయన కాపాడుకుంటున్నది పదవినే. ఈ మాట ఆయనతో అనగలిగే మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ ఏడాది సంగతి మీ వారికి చెప్పండి. అబ్బాయికి కాదు, ముందు ఆయనకి. కుటుంబ ప్రార్థనలో సాక్ష్యంలా చెప్పొద్దు, పాస్టరు గారి చేత చెప్పించొద్దు. మీరిద్దరే ఉన్నప్పుడు, ఏడుపు కలపకుండా, "మా అమ్మ పోయాక ఏడాదిపాటు నాకు దేవుడితో మాట రాలేదండీ" అనండి. అన్నాక వెంటనే సర్దిచెప్పకండి. "ఇప్పుడు బాగానే ఉందిలెండి" అని తోక తగిలించారో, చెప్పనట్టే.

అలా చెప్పడం పాపమేమో అనిపిస్తే 88వ కీర్తన తెరవండి. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, మిగతా కీర్తనలతో పాటే ఉంచారు. మార్కు తొమ్మిదో అధ్యాయంలో "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని గుంపు మధ్యలో బిగ్గరగా చెప్పిందీ ఒక తండ్రే. కొడుకు కోసం వచ్చిన తండ్రి. యేసు ఆయన్ని వెళ్లగొట్టలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. ఈ వాక్యం మీ వారు ఎన్నోసార్లు చదివే ఉంటారు, ఇంట్లో వినపడేలా చదివారో లేదో.

అబ్బాయి విషయంలో నా పట్టింపు నాకుంది. అడగడం తప్పు కాదు, వెక్కిరించడం తప్పు. తండ్రి ప్రార్థిస్తుంటే ఫోన్ పక్కన పెట్టి మౌనంగా కూర్చోమనండి, కుదరకపోతే మర్యాదగా లేచి వెళ్లమనండి. "నాన్న పరువు కోసం చర్చికి రా నాన్నా" అని మాత్రం బతిమాలకండి. పరువు కోసం వచ్చేవాడు పరువు కోసమే కూర్చుంటాడు. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫ్యామిలీ గ్రూపులో వీడియోలు ఇద్దరూ ఆపాలి. ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు ముక్కూ మొహం తెలియని వక్తల్ని పెట్టుకుని పోట్లాడుకోవడమేమిటో నాకు అర్థం కాదు.

అగస్టీను పేరెత్తాను కనుక ఆయన తల్లి మోనికా సంగతీ చెప్పాలి. కొడుకు వేరే మతంలో కలిసినప్పుడు ఆమె కూడా అతనితో ఒకే బల్ల దగ్గర తినననేసింది. తర్వాత ఒక కల వచ్చి మళ్లీ బల్ల దగ్గరికి రానిచ్చింది. అప్పటికి అతను మారలేదు. ఇంకా దాదాపు తొమ్మిదేళ్లు ఆ దారిలోనే ఉన్నాడు, 387లో గానీ బాప్తిస్మం తీసుకోలేదు. భోజనం ముందు, విశ్వాసం తర్వాత. ఆమె కూడా మీలాగే ఒక బిషప్ దగ్గరికి వెళ్లి, మా వాడితో వాదించి దారికి తీసుకురమ్మని అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. వదిలెయ్యి, ప్రార్థన చెయ్యి, చదివి వాడే తెలుసుకుంటాడన్నాడు. ఆమె కన్నీళ్లతో పట్టు వదలకపోతే, ఇన్ని కన్నీళ్ల కొడుకు నశించడం జరగదు, ఇక వెళ్లు అన్నాడు. ప్రసంగాల్లో ఈ మాటని ఎంతో మెత్తగా చెబుతారు. ఆయన విసుక్కుంటూ అన్నాడని అగస్టీనే రాసుకున్నాడు. ఆ విసుగు నాకు బాగా అర్థమైంది.

రేపటినుంచి కంచం గదిలోకి తీసుకెళ్లొద్దు. బల్ల మీదే పెట్టి అబ్బాయిని పిలవండి. మీ వారు లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, ఆయన కంచమూ అక్కడే ఉండనివ్వండి. ఆ ఏడాది సంగతి విని ఆయన ఏమన్నారో నాకు రాయండి. పుస్తకం పేరు అప్పుడూ చెప్పను.