మార్వెలా, డీసీనా?

ప్ర: సార్, సినిమాల సంగతి వదిలేయండి. కామిక్ పుస్తకాల్లో కథ చెప్పడం ఎవరికి బాగా వచ్చు, మార్వెల్‌కా, డీసీకా? మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ.
– ఒక పాఠకుడు, వరంగల్

జ: సినిమాలు వదిలేస్తే సగం గొడవ తగ్గినట్టే. నన్నడిగితే ఈ రెండు అమెరికా కామిక్ కంపెనీల్లో నెలనెలా సీరియల్ నడపడంలో మార్వెల్‌ది పైచేయి, ఒక కథ ఎత్తుకుని దాన్ని శుభ్రంగా ముగించడంలో డీసీది.

1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో దింపిన స్పైడర్‌మ్యాన్‌నే చూడండి. స్కూలు కుర్రాడు, పెదనాన్న పోయాడు, ఇంట్లో డబ్బుల్లేవు, పెద్దమ్మ ఆరోగ్యం అంతంతమాత్రం, అందుకని తన ఫోటోలు తనే తీసి రోజూ తనను తిట్టిపోసే పేపరుకే అమ్ముకుంటాడు! విలన్ ఓడిపోయినా ఈ కష్టాలు తీరవు, అందుకే వచ్చే నెల సంచిక కొంటాం. 1973లో 121వ సంచికలో అతని ప్రియురాలు గ్వెన్ వంతెన మీంచి పడిపోతుంటే సాలెదారం విసిరి కాలు పట్టుకుంటాడు, కాపాడేశానని మురిసిపోతాడు కూడా, కానీ అదే బొమ్మలో ఆమె మెడ పక్కన బుల్లి అక్షరాల్లో 'స్నాప్' అని, విరిగిన చప్పుడు రాసి ఉంటుంది. అంటే ఆ కుదుపే ప్రాణం తీసిందా? ఈ ప్రశ్న అతన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. ఇబ్బందల్లా ఏమిటంటే మధ్యలో దూరినవాడికి తలాతోకా తెలీదు.

డీసీ హీరోలు పాతకాపులు. సూపర్‌మ్యాన్ 1938, బ్యాట్‌మ్యాన్ 1939. వాళ్ల కథ లోకమంతటికీ తెలుసు, అదే రచయితకు వరం. 2005లో మొదలైన 'ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్' మొదటి పేజీలో నాలుగే బొమ్మలు, ఎనిమిదే ఇంగ్లీషు మాటలు, సూపర్‌మ్యాన్ పుట్టుక అయిపోయింది. మన 'కట్టె కొట్టె తెచ్చె' లెక్కన్నమాట. మిగతా పుస్తకమంతా చావు దగ్గరపడిందని తెలిసినవాడు ఉన్న కాస్త రోజుల్లో ఏం చేస్తాడన్నదే. 1986లో ముసలి బ్యాట్‌మ్యాన్ కథ రాసిన ఫ్రాంక్ మిల్లర్ అంతకుముందు మార్వెల్‌లో డేర్‌డెవిల్ అనే హీరో కథలు రాసినవాడే, కాబట్టి తేడా రాసేవాళ్లలో లేదు, కంపెనీ వాళ్లను ఏం రాయనిస్తుందన్న దాంట్లో ఉంది.

అయితే డీసీ నెలవారీ పుస్తకాలు నమ్ముకున్నవాళ్లది మాత్రం కడుపుమంట. 2011లో అప్పటిదాకా నడిచిన కథల లెక్కలు చాలావరకు చెరిపేసి ఒకేసారి 52 పుస్తకాలు ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టారు. అన్నేళ్లు గుర్తుపెట్టుకుని చదివినవాడు ఏమైపోవాలి?

ప్ర: నేను ఇప్పుడే మొదలుపెడుతున్నాను. ముందు ఏది చదవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జ: పైన చెప్పిన 'ఆల్-స్టార్'. పన్నెండు సంచికలే, ముందు వెనకలు ఏమీ తెలియక్కర్లేదు. అది నచ్చి ఇంకా ఓపిక ఉంటే మార్వెల్‌లో క్రిస్ క్లేర్‌మాంట్ రాసిన ఎక్స్-మెన్ పట్టండి, 1975 నుంచి పదహారేళ్లు ఒకే మనిషి లాగించిన బండి అది. షాపులో కవరు మీద ఒకటో నంబరు చూసి కథ అక్కడే మొదలనుకోకండి, అమ్మకాల కోసం ఇద్దరూ నంబర్లు మళ్లీ మళ్లీ ఒకటి నుంచి వేస్తూనే ఉంటారు.