పార్థెనాన్ కోసం ఎంపీసీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. గ్రీసులో తవ్వకాలు చేసి, కూలిన పాత గుళ్లను మళ్లీ నిలబెడతానంటోంది. హిస్టరీ కోసం గ్రూపు మారతానని పట్టుబట్టింది. మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు ఆ గ్రూపు మార్పు ఆపండి. తవ్వేవాళ్ల చదువు వేరు, నిలబెట్టేవాళ్ల చదువు వేరు. అమ్మాయి రెండూ కలిపేసి చూస్తోంది.

ఏథెన్స్‌లోని పాత గ్రీకు గుడి పార్థెనాన్ సంగతే తీసుకోండి. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండు తగిలి, లోపల తుర్కులు దాచిన మందుగుండు అంటుకుంది. గుడి మధ్య భాగం కూలిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నికొలావోస్ బలానోస్ అనే ఇంజినీరు ఆ రాళ్లను ఇనుముతో బిగించి నిలబెట్టాడు. పాత గ్రీకులూ ఇనుమే వాడారు కానీ, దాని చుట్టూ సీసం పోసేవారు. ఈయన పోయలేదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పాలరాయిని చీల్చింది. ఇంజినీరే, దెబ్బతిన్నది మాత్రం కెమిస్ట్రీ దగ్గర! పైగా కొన్ని రాళ్లను వాటి అసలు చోట పెట్టలేదు. 1975లో ఏర్పడిన కమిటీ పర్యవేక్షణలో ఇప్పుడు ఆ ఇనుము తీసి టైటానియం వేస్తున్నారు. కొత్త ముక్క అవసరమైతే పెంటెలీ కొండ పాలరాయే తెస్తారు. ఆర్కిటెక్టులు, సివిల్ ఇంజినీర్లు, కెమిస్టులు, రాతి పనివాళ్లు కలిసి చేసే పని అది.

కాబట్టి ఎంపీసీ, ఆపైన జేఈఈ మెయిన్ రెండో పేపరు లేదా నాటా (ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష) రాసి ఐదేళ్ల బీఆర్క్, తర్వాత ఢిల్లీ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కన్జర్వేషన్, అంటే పాత కట్టడాల సంరక్షణలో పీజీ. నేనైతే ఈ దారే చెబుతాను. తవ్వకాలే ఇష్టమంటే ఏ డిగ్రీ తర్వాతైనా పురావస్తు పీజీకి పుణె డెక్కన్ కాలేజీ ఉంది. ఏథెన్స్ యూనివర్సిటీలో ఇంగ్లీషులో చెప్పే పురావస్తు డిగ్రీ కూడా ఉంది. ఏథెన్స్‌లోని ప్రాచీన అగోరాలో, అంటే పాతకాలపు సంత, సభల మైదానంలో, 1931 నుంచి అమెరికన్ స్కూల్ ఆఫ్ క్లాసికల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ తవ్వుతోంది. వేసవిలో విద్యార్థులను వాలంటీర్లుగా తీసుకుంటుంది.

ఉద్యోగం సంగతి దాచను. గ్రీసులో ఈ పనులు ఎక్కువగా ప్రభుత్వం చేతిలోవే, గ్రీకు భాష రాకపోతే కష్టం. అక్కడే స్థిరపడుతుందన్న ఆశతో అప్పు చేయకండి.

ఈ సెలవుల్లో నాగార్జునసాగర్ దగ్గరి నాగార్జునకొండ, అనుపు తీసుకెళ్లండి. సాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వి, కొన్ని కట్టడాలను ఆ రెండు చోట్లకు తరలించి తిరిగి కట్టారు. ఆ కట్టడాల దగ్గర అమ్మాయి ఇటుక ఎలా పేర్చారని అడుగుతుందో, ఎవరు కట్టించారని అడుగుతుందో గమనించి నాకు రాయండి.