ఫిడేలుకి గడ్డం చెక్క పెట్టినాయన

"కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకి వయొలిన్ మీద ఆ గడ్డం ఆనించే నల్ల చెక్క అవసరమా? తీసేయొచ్చా?" అని అడిగారు. తీసేయొచ్చు. నా వయొలిన్‌కి నా తొమ్మిదో ఏటే తీసేశారు. విజయనగరంలో మా మాస్టారు మొదటిరోజే "ఇది దొరల గడ్డానికి పెట్టింది, నీకు ఛాతీలో గుచ్చుకుంటుంది" అని, మా అమ్మనడిగి తలపిన్ను తీసుకుని దాని మరలు తిప్పారు. పిన్ను జారి కొత్త వయొలిన్ పక్కన వేలెడు గీత పడింది. నాన్న నెల జీతం పెట్టి కొన్నారు పాపం, పైకి ఏమీ అనలేక కాఫీ తెప్పించారు.

ఆ చెక్క పెట్టిన దొర ఎవరో నాకు చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. లూయీ ష్పోర్. 1784లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టాడు, డాక్టరు గారబ్బాయి. 1820 ప్రాంతంలో ఈ చెక్క కనిపెట్టాడు. ఇప్పట్లా ఎడమ పక్కన కాదు, సరిగ్గా మధ్యలో, తీగల కింది కొసలు కట్టే పట్టీ (టెయిల్‌పీస్) మీదుగా పెట్టాడు. ఎడమ చెయ్యి పైకీ కిందకీ హాయిగా జారాలంటే వాయిద్యాన్ని గడ్డమే పట్టుకోవాలి కదా. మనకి ఆ బాధ లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనిస్తే అది ఎక్కడికీ పోదు.

ఇదంతా సరే, నాకు ష్పోర్ నచ్చింది ఈ చెక్క వల్ల కాదు. 1808లో జర్మనీలోని ఎర్ఫర్ట్ ఊళ్లో నెపోలియన్ రష్యా చక్రవర్తినీ, జర్మన్ రాజులనీ పోగేసి ఫ్రెంచి నాటకాలు ఆడించాడు. బయటివాళ్లకి చోటు లేదు. ష్పోర్ అప్పటికే గోథా ఆస్థానంలో వాద్యబృందానికి పెద్ద. అయినా నెపోలియన్‌ని చూసి తీరాలనుకున్నాడు. నాటకం మధ్యలో వాయించే బృందంలో తనూ, తన శిష్యులూ వేరేవాళ్లకి బదులుగా దూరారు. ఈయనకి మిగిలింది హార్న్ అనే ఇత్తడి బూర. జన్మలో ఊదింది లేదు. ఒక్కరోజు సాధన చేసి సాయంత్రానికి వెళ్లి కూర్చున్నాడు. తీరా చూస్తే వాద్యగాళ్లు రాజులకి వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరగకూడదు. అందుకని చిన్న అద్దం పెట్టుకుని అందులో చూశాడు! పెదాలు వాచి నల్లబడి ఇంటికెళ్తే పెళ్లాం కంగారు పడింది. ఎర్ఫర్ట్ అందగత్తెల్ని ముద్దుపెట్టుకుని ఇలా అయ్యాయని వేళాకోళం ఆడాడట. ఆవిడా తక్కువది కాదు, హార్ప్ అనే పెద్ద తీగల వాయిద్యంలో విద్వాంసురాలు. ఇద్దరూ కలిసి కచేరీలు చేసేవారు.

ఇంతటివాణ్ణి మనవాళ్లలో ఎవరన్నా తలుచుకుంటారా? పాశ్చాత్య వయొలిన్ అంటే పగనీని ఒక్కడే. పగనీనికి దెయ్యం కథలున్నాయి, ఈయనకి లేవు, అంతే తేడా. ఆన్‌లైన్ క్లాసుల సార్లు కూడా నెలకి వేలు పుచ్చుకుని "చిన్ రెస్ట్ సరిచేసుకోండి" అంటారు గానీ ఈయన పేరు చెప్పరు. పదిహేను పైచిలుకు వయొలిన్ కాన్చెర్టోలు (పెద్ద బృందంతో కలిసి ఒక వయొలిన్ ముందుండి వాయించేవి), ముప్పై ఆరు క్వార్టెట్లు (నలుగురు కలిసి వాయించేవి) రాశాడు. 1820లో లండన్‌లో చేత్తో చిన్న కర్ర ఊపుతూ వాద్యబృందాన్ని నడిపించానని ఆత్మకథలో రాసుకున్నాడు. జర్మనీలోనే కాసెల్ ఊళ్లో 1822 నుంచి 1857 దాకా కొలువు చేస్తే, ఆయన వద్దంటున్నా పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. ఆ ఏడే ఎడమ చెయ్యి విరిగింది. వయొలిన్ మూలన పడింది. 1859లో పోయాడు.

మీ ప్రశ్నకొస్తే, తీసేయండి. కానీ తలపిన్నుతో మాత్రం వద్దు. దుకాణంలో దానికి చిన్న తాళంచెవిలాంటిది అమ్ముతారు. నా వయొలిన్ మీద ఆ గీత ఇంకా అలాగే ఉంది.