బూడిదతో నీళ్లు శుద్ధి చేసే చదువుకు ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. బాయిలర్ బూడిదతో అద్దకం ఫ్యాక్టరీ నీటిని శుద్ధి చేసే ప్రాజెక్టు చేసింది. పీజీ కూడా అందులోనే అంటోంది. డేటా సైన్స్‌కు మళ్లించాలా? ఏది మేలు?

జవాబు: నాలుగేళ్లు చదివి ఇష్టం పెంచుకున్న పిల్లను మళ్లించడం మీ పని కాదు సార్. ఉద్యోగం రాదేమోనన్నది మీ భయం. అద్దకం, తోలు, మందుల ఫ్యాక్టరీలు వాడిన నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదు. ఆ ప్లాంటును నడపడం తెలిసినవాళ్ల అవసరం పోదు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ ఉండొచ్చు, దానికి సిద్ధపడండి.

నా అనుమానమల్లా 'వ్యర్థంతో వ్యర్థానికి చికిత్స' అనే ఫ్యాషన్ మీద. డిస్టిల్డ్ వాటర్‌లో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపి, బూడిద వేసి కుదిపితే రంగు పోతుంది. అసలు ఫ్యాక్టరీ నీటిలో ఉప్పులు, సబ్బులు, పలు రంగులు బూడిద మీద ఒకే చోటు కోసం పోటీపడతాయి, ఫలితం పడిపోతుంది. లీటరుకు 10 గ్రాముల బూడిద బీకరులో కొంచెమే. రోజుకు 500 కిలోలీటర్లు వదిలే ఫ్యాక్టరీలో అది 5 టన్నులు. రంగు పట్టిన ఆ తడి బురదను ఎక్కడ వేస్తారు? పైగా బూడిదలోంచే ఆర్సెనిక్, క్రోమియం, సెలీనియం నీళ్లలోకి దిగవచ్చు. మిగతా వ్యర్థాలదీ ఇలాంటి కథే. ఉక్కు స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే వ్యర్థం) నీటిలోని ఫాస్ఫేట్‌ను బాగా పడుతుంది, కానీ నీటి పీహెచ్‌ను 10 దాటిస్తుంది, సున్నం పేరుకుని బెడ్ (నీరు పారే స్లాగ్ పొర) మూసుకుపోతుంది. ఉక్కును కడిగిన పాత ఆమ్లంలోని ఇనుము కోయాగ్యులెంట్‌గా, అంటే మురికిని గడ్డకట్టించి అడుక్కి దింపే మందుగా, పనికొస్తుంది. అయితే అందులో జింకు, క్రోమియం ఎంతుందో ప్రతి లోడుకూ చూసుకోవాలి.

ఇవన్నీ తెలిశాక కూడా మీ అమ్మాయికి ఇష్టం తగ్గకపోతే, నిశ్చింతగా చేర్చండి. ముందు ఒక పని చేయమనండి. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగు శుద్ధి ప్లాంటు)లోకి వచ్చే ఇన్‌లెట్ నీరు తెచ్చి ఆరు బీకర్లలో లీటరు చొప్పున పోసి, ఒకటి బూడిద లేకుండా వదిలి, మిగతావాటిలో మోతాదు పెంచుతూ పోవాలి. నిమిషం పాటు 100 ఆర్‌పీఎం, 20 నిమిషాలు 30 ఆర్‌పీఎం, అరగంట తేరనివ్వాలి. రంగుతో పాటు సీఓడీ (నీటిలోని సేంద్రియ మురికికి కొలమానం), పీహెచ్, అడుగున దిగిన బురద ఎత్తు రాయాలి. విడిగా, ఉత్త నీళ్లలో బూడిదను 18 గంటలు తిప్పి, వడకట్టిన నీటిలో లోహాలు కొలిపించాలి.

పోలిక అడిగారు కదా: పైథాన్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, బెడ్ ఎందుకు మూసుకుపోయిందో ప్లాంటులోనే తెలుస్తుంది. కాలేజీని చూసేటప్పుడు పేపర్ల లెక్క కాదు, గైడు దగ్గర అసలు ఫ్యాక్టరీ నీటితో నడిచే కాలమ్ (బూడిదలాంటివి నింపి నీటిని పారించే గొట్టం) ఉందా అని అడగమనండి.