ఆటకీ పాటకీ ఒకటే హెడ్‌ఫోన్, మూడు వేలల్లో

(జవాబులిచ్చేవారు బెంగళూరు ఎస్పీ రోడ్డు సందులో హెడ్‌ఫోన్లు, స్పీకర్లు బాగుచేసే మెకానిక్. సొంతూరు మదనపల్లె దగ్గర.)

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిళ్లు లాప్‌టాప్‌లో ఫ్రెండ్స్‌తో వేలొరెంట్ ఆడతాను. పొద్దున రింగు రోడ్డు బస్సులో ఫోన్‌లో పాటలు వింటాను. కళ్లద్దాలు వాడతాను. ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేదు. మూడు వేలల్లో 7.1 సరౌండ్, 50 ఎంఎం డ్రైవర్లు, రంగురంగుల లైట్లు ఉన్న గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి చూశాను. బ్లూటూత్‌ది తీసుకుంటే రెండింటికీ పనికొస్తుందని రూమ్మేట్ అంటున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ.

ముందు ఆ 7.1 సంగతి తేల్చేద్దాం. 7.1 అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బేస్‌కి ఇంకొకటి అని లెక్క. ఆ ధరలో వచ్చే హెడ్‌సెట్ విప్పితే ఎడమ డబ్బాలో ఒక డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), కుడి డబ్బాలో ఒక డ్రైవర్ కనిపిస్తాయి. అంతే. ఎనిమిది స్పీకర్లు అందులో ఎక్కడా ఉండవు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ గారడీ. ఆ గారడీ నీకు ఊరికే దొరుకుతుంది. విండోస్ 10, 11 లలో విండోస్ సోనిక్ అని ఒకటి ముందే పెట్టి ఉంది. నువ్వాడే ఆటలోనైతే ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది చూడు, అది ఇంకా మేలు. కుడివైపు అడుగుల చప్పుడు మన కుడి చెవికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పట్టేస్తుంది. ముందు నుంచా వెనక నుంచా అన్నది చెవి డొప్ప మలుపుల్లో శబ్దం మారే తీరును బట్టి తెలుస్తుంది. హెచ్‌ఆర్‌టీఎఫ్ ఈ లెక్కంతా వేసి మామూలు స్టీరియోలోనే నీకు వినిపిస్తుంది. దాని మీద హెడ్‌సెట్ వాడి 7.1 కూడా ఆన్ చేశావనుకో, తాలింపు పెట్టిన కూరకి మళ్లీ తాలింపు పెట్టినట్టే. శత్రువు ఏ మూల ఉన్నాడో తెలియక తిరుగుతావు.

50 ఎంఎం అంటే డ్రైవర్ ఎంత వెడల్పో చెప్పే అంకె, ఎంత బాగా పలుకుతుందో కాదు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అన్నది మనిషి చెవికి వినబడే మేర. అది దాదాపు ప్రతి పెట్టె మీదా అచ్చేసి ఉంటుంది, నాసిరకం దాని మీద కూడా.

ఇక మీ రూమ్మేట్ మాట. బస్సులో పాటలకు బ్లూటూత్ బాగానే ఉంటుంది. ఆట దగ్గరే ఇబ్బంది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యంగా రావచ్చు. సినిమా చూస్తుంటే ప్లేయరే ఆ తేడా సర్దేస్తుంది కాబట్టి నీకు తెలియదు. ఆటలో అలా సర్దడానికి వీల్లేదు, నువ్వు చప్పుడు వినేలోపే దెబ్బ తగులుతుంది. అంతకన్నా పెద్ద తంటా మైక్‌తో. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో మైక్ ఆన్ అవగానే లాప్‌టాప్ మామూలుగా దాన్ని ఫోన్ కాల్ పద్ధతిలోకి మార్చేస్తుంది. స్టీరియో పోతుంది, శబ్దం పాత ల్యాండ్‌లైన్‌లోలా ముక్కుతో పలుకుతుంది. "అన్నా, హెడ్‌ఫోన్ పాడైంది, ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు సౌండ్ చెడిపోతోంది" అని నా దగ్గరికి తెచ్చేవాళ్లుంటారు. పాడవలేదు, దాని తీరే అంత. వైర్ లేకుండా ఆడాలంటే లాప్‌టాప్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క, అదే డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకం కావాలి. దాంట్లో ఆలస్యం చాలా తక్కువ. కానీ అందులో నికరమైనవి నీ మూడు వేలలో రావు.

నా సలహా: చెవి రంధ్రంలో దూర్చుకునే, వైరున్న ఇన్-ఇయర్ ఫోన్ తీసుకో. నీ కళ్లద్దాల వల్లే ముఖ్యంగా ఈ మాట. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ మెత్త, కళ్లద్దాల కాడ ఎక్కేచోట సరిగ్గా ఆనదు. ఆ సందులోంచి బేస్ కారిపోతుంది, గంటలోపే కణత దగ్గర నొప్పి కూడా. పైగా ఆ పెద్ద డబ్బాలు మెడలో వేసుకుని బస్సులో నిలబడతావా? ఇన్-ఇయర్ బస్సు రొదను చాలావరకు ఆపుతుంది, జేబులో పడుతుంది. మూన్‌డ్రాప్ చూ 2 లాంటివి రెండు వేలకు అటూ ఇటూగా దొరుకుతున్నాయి. మైక్ ఉన్న వైరుతో తీసుకో. లాప్‌టాప్‌లో ఒకే జాక్ ఉంటే నేరుగా గుచ్చేయొచ్చు. మైక్‌కి, హెడ్‌ఫోన్‌కి వేర్వేరు రంధ్రాలుంటే చిన్న స్ప్లిటర్ కావాలి. ఫోన్ కోసం టైప్-సీ కన్వర్టర్ కొను, లోపల డాక్ (ఫోన్‌లోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సంకేతంగా మార్చే చిప్) ఉన్నదే అని అడిగి మరీ తీసుకో. వంద రూపాయల ఉత్త కన్వర్టర్ చాలా ఫోన్లలో మూగగా కూర్చుంటుంది.

వీటిలో నాకు నచ్చేది వైరు ఊడి వచ్చే ఏర్పాటు. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువ భాగానిది ఒకే జబ్బు, జాక్ మెడ దగ్గర వైరు తెగడం. లోపలి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కోదానికి రంగు వార్నిష్ పూత. మామూలు వైరులా తొక్క ఒలిచి అతికిద్దామంటే సీసం అంటదు. వేడి సీసం బొట్టులో కొసను ముంచి ఆ పూతను కాల్చాలి. సన్నగా పొగ లేస్తుంది, తర్వాత తీగ తెల్లగా మెరుస్తుంది, అప్పుడే అతుకు నిలుస్తుంది. ఎక్కువగా ఎరుపు కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ, రాగి రంగుది గ్రౌండ్. మైక్ ఉంటే ఇంకో పోగు. ఇంత చేశాక నేను కూలి అడిగితే కొత్తదే వస్తుంది కదా అంటారు, అదీ నిజమే. వైరు ఊడొచ్చే రకమైతే ఈ గొడవే లేదు. 0.78 ఎంఎం రెండు పిన్నుల వైరు అని అడిగితే కొట్టువాడే ఇస్తాడు. నా బేరం పోతుందనుకో, ఫర్వాలేదు.

ఎస్పీ రోడ్డుకి వస్తే కె.ఆర్. మార్కెట్ మెట్రోలో దిగు, అక్కడి నుంచి నడకే. ఆదివారం రావద్దు, చాలా షట్టర్లు దించే ఉంటాయి. నీకు బాగా తెలిసిన పాట ఒకటి ఫోన్‌లో పెట్టుకుని రా. మృదంగమో తబలానో ఉన్నదైతే మేలు. ఎడమ తల మోత గుండ్రంగా వినిపించాలి, బొయ్యిమని సాగకూడదు. వినేటప్పుడు ఇయర్‌ఫోన్‌ని వేలితో కొంచెం లోపలికి నొక్కు. బేస్ ఒక్కసారిగా పెరిగితే, ఆ రబ్బరు మూత నీ చెవికి చిన్నదని అర్థం, పెద్ద సైజు తొడిగించు. చాలామంది తిట్టుకునే "బేస్ లేని" ఇయర్‌ఫోన్ల కథ ఇదే. జీఎస్టీ బిల్లు అడుగు, లేకపోతే వారంటీ ఉత్తమాటే. ఇంకోటి, రోడ్డు దాటేటప్పుడు మాత్రం తీసేయ్. హారన్ కూడా వినబడదు దీంట్లో.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మల్లేశ్వరంలో ఉంటాం. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆటలో పడితే పక్కన నిలబడి పిలిచినా పలకడు. చెవులు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మంచి కంపెనీది కొంటే భయం ఉండదా?

జవాబు: అమ్మా, కంపెనీ పేరు చెవిని కాపాడదు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు. 90కి పెంచితే అదే 4 గంటలకు పడిపోతుంది. పిల్లలకైతే 40 గంటలకు 75 డెసిబెల్సే. ఆ హెడ్‌ఫోన్ మీరోసారి పెట్టుకుని చూడండి. బాబు ఉంచిన వాల్యూమ్‌లోనే పెట్టుకుని, చేతి దూరంలో ఎవరినైనా మామూలుగా మాట్లాడమనండి. మాట అసలు వినబడకపోతే తగ్గించాల్సిందే. ఫోన్‌లో ఆడితే సెట్టింగ్స్‌లో వాల్యూమ్ పరిమితి పెట్టొచ్చు. ఆట ముగిశాక చెవిలో గుయ్యిమంటోందని బాబు ఎప్పుడైనా అంటే నన్ను కాదు, ఈఎన్‌టీ డాక్టర్‌ని అడగండి. ఇక పిలిస్తే పలకకపోవడం అంటారా, హెడ్‌ఫోన్ లేకుండా కూడా పలుకుతాడో లేదో ఒకసారి చూడండి!

ప్రశ్న: లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంటే హెడ్‌ఫోన్‌లో జుయ్యిమని శబ్దం. కొత్త హెడ్‌ఫోన్ కొన్నా పోలేదు.

జవాబు: చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. శబ్దం పోతే తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు. మీరున్న గది సాకెట్‌లో ఎర్త్ లేకపోవచ్చు, లేదా మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చి ఉంటారు. ఆ అడాప్టర్ తీసేయండి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. అప్పటికీ ఉంటే చవకలో దొరికే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి వేసి చూడండి, చాలాసార్లు దాంతో తగ్గుతుంది. పాత హెడ్‌ఫోన్ పారేయలేదు కదా?